మూడో వంద

పతకం మెడలో పడ్డట్టు ఊహించుకోమని ఎవరైనా చెబితే మర్యాదగా లేచి బయటికి వచ్చేయండి. గ్రౌండుకు కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదటి రోజే చెప్పే మాట ఇది. కొందరు నవ్వుతారు, కొందరు మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ. ఒకప్పుడు పతకం ఊహించుకోమని చెప్పినదాన్ని నేనే. ఆ మాట నమ్మి ఒక పిల్ల ఏడాదిపాటు ఎంత నలిగిపోయిందో నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను యూనివర్సిటీలో సైకాలజీ చెబుతాను. ఉండేది తార్నాకలో, చౌరస్తా హారన్లు వంటింట్లోకి కూడా వినిపించే ఫ్లాట్లో. మా నాన్నగారు గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగిందంతా ఈ చుట్టుపక్కలే. షుగర్ వచ్చింది, నడవండి అని డాక్టరు అంటే పొద్దున్నే క్యాంపస్ గ్రౌండుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ నడిచేవాళ్ళు ట్రాక్ అవతల నడవాలి. ఆ సంగతి తెలియక మొదటి రోజే లోపలి గీతల మధ్య నడిచాను. కోచ్ సారు విజిల్ ఊది నలుగురిలో కడిగేశాడు. నేనూ ఊరుకునే రకం కాదు. ట్రాక్ ఎవరి సొత్తని అడిగాను. మా పరిచయం అలా మొదలైంది.

నెల తిరిగేసరికి ఆయనే నా దగ్గరికి వచ్చాడు. ప్రాక్టీసులో దూసుకుపోయే పిల్లలు పోటీకి వెళ్ళగానే చేతులెత్తేస్తున్నారని, మీ చదువులో దీనికేమైనా మందుందా అని అడిగాడు. ఉందన్నాను. పరుగు మొత్తాన్ని ముందే కళ్ళు మూసుకొని మనసులో పరుగెత్తాలి. కొత్త చోటికి వెళ్తే పడే కంగారు, పదిసార్లు వెళ్ళొచ్చిన చోట పడం కదా. ఇదీ అంతే, ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఆయనకు సగం నమ్మకం, సగం వెటకారం. "కండ్లు మూస్కుంటే కాళ్ళు ఉరుకుతయా మేడం?" అన్నాడు. అంటూనే వారానికి రెండు పొద్దులు నాకు ఇచ్చాడు.

ఆ మొదటి ఏడాది నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వేపచెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టి, గీత దాటుతున్నట్టు, జనం చప్పట్లు కొడుతున్నట్టు, మెడలో పతకం పడుతున్నట్టు చూడమన్నాను. అది చాలదన్నట్టు ఒక పెద్దమనిషిని ఉపన్యాసానికి పిలిపించాను. కోటు వేసుకొచ్చాడు. ఆడిటోరియంలో లైట్లు ఆర్పించి, సంగీతం పెట్టించి, మీరు గెలిచారు, మీ అమ్మ ఆనందంతో ఏడుస్తోంది, చూడండి అన్నాడు. పిల్లలు నిజంగానే ఏడ్చారు. నేను కూడా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ గంటసేపట్లో పరుగు గురించి ఒక్క మాట కూడా రాలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆ పిల్లల్లో అందరికంటే శ్రద్ధగా కళ్ళు మూసుకునేది నాలుగు వందల మీటర్లు పరుగెత్తే అమ్మాయి. సిద్దిపేట వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఎమ్మే చదవడానికి వచ్చి, సీతాఫల్‌మండిలో పెద్దమ్మ ఇంట్లో ఉండేది. తెల్లారేసరికి నడుచుకుంటూ గ్రౌండుకు వచ్చేది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. రోజూ పడుకునే ముందు ఇరవైసార్లు పతకం అందుకుంటున్నానని చెబితే నేను మురిసిపోయాను కూడా.

ఆ ఏడాది పోటీల్లో మొదటి రెండు వందల మీటర్లు ఆ అమ్మాయే ముందుంది. రెండో మలుపులో, మూడో వంద మీటర్ల మధ్యలో, ఉన్నట్టుండి సున్నం గీత దాటి బయటికి వచ్చేసింది. తొడ పట్టుకొని గడ్డిలో కూర్చుండిపోయింది. కండరం పట్టేసిందని చెప్పింది. అందరం నమ్మాం.

మరుసటి ఏడాది యూనివర్సిటీ జట్టు ఎంపికకు మూడు వారాలుందనగా ఎంపిక పరుగుకు పిలిచినవాళ్ళ పేర్లు సారు బోర్డు మీద అంటించాడు. అందులో ఆమె పేరు లేదు. ఆమెకు అది చివరి ఏడాది. ఈసారి అవకాశం పోతే, మధ్యలో వదిలేసిన పరుగే ఆమె ఆఖరి పరుగుగా మిగిలిపోతుంది. ఏడుస్తూ వస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిన్నగా మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది.

"నేను ఆ ఉరుకుడు పూర్తి చెయ్యాలె మేడం. మెడల్ రాకున్నా సరే."

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఏం చెయ్యాలో నాకూ తోచలేదు. చేతికి అందిన స్టాప్‌వాచ్ ఆమెకిచ్చి, కళ్ళు మూసుకొని పరుగు మొదలవగానే ఒకసారి, గీత దాటగానే ఇంకోసారి నొక్కమన్నాను. నొక్కింది. చూస్తే యాభై ఒక్క సెకన్లు. గ్రౌండులో ఆమె మంచి టైము అరవై మూడు. యాభై ఒకటిలో పరుగెత్తే పిల్లవైతే దేశం నిన్ను నెత్తిన పెట్టుకునేది, ఈ సెవెన్ సీటర్ ఆటోల్లో ఎందుకు ఇరుక్కుంటావని ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు. పన్నెండు సెకన్లు ఎక్కడికి పోయాయో ఇద్దరికీ అర్థం కాలేదు.

ఈసారి వాచ్ నేను పట్టుకున్నాను. ప్రతి వంద మీటర్లకు ఒక వేలు ఎత్తమన్నాను. మొదటి వేలు పద్నాలుగు సెకన్లకు లేచింది. రెండోది ఇరవై తొమ్మిదికి. మూడోది ముప్ఫై మూడుకే లేచి కూర్చుంది. నాలుగోది యాభై ఒకటికి. మళ్ళీ చేయించాను, మళ్ళీ అంతే. మిగతా మూడు వందలూ నిజం పరుగులాగానే ఉన్నాయి. పదహారు సెకన్లు పట్టాల్సిన మూడో వంద మాత్రం నాలుగు సెకన్లలో అయిపోతోంది.

మూడో వందలో ఏముందని అడిగాను. కింద చౌరస్తాలో బస్సు ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. ఆమె చేతుల్లోకి చూసుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"నిరుడు నా కాలు పట్టలే మేడం. కాలు మంచిగనే ఉండె. తొడలు మండుతున్నయి, ఊపిరి అందుతలేదు, అందరు నన్ను దాటిపోతరనిపించింది. నేనే బయటికొచ్చిన. ఎవ్వలకు చెప్పలే."

ఆమె మీద నాకు కోపం రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. గెలుపును అన్నిసార్లు చూపించి, నొప్పిని ఒక్కసారి కూడా చూపించని నేనేం గురువుని? ఇరవైసార్లు పతకం అందుకున్న పిల్లకు ఆ మలుపు ఒక్కసారి కూడా కనబడలేదు. నిజం పరుగులో అది ఎదురయ్యేసరికి ముక్కూ మొహం తెలియని మనిషి దారికి అడ్డం నిలబడ్డట్టు అయ్యుంటుంది. చప్పట్లు, పతకాలు, అమ్మ కన్నీళ్ళు అమ్ముకునే ఉపన్యాసాల మీద నాకు అసహ్యం ఆ రోజే మొదలైంది, ఇంతవరకు తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయిని వెంటబెట్టుకొని సారు దగ్గరికి పోట్లాటకే వెళ్ళాను. ఆయన తాపీగా, ఆ కాలు మళ్ళీ పట్టేస్తుందని, నమ్మకం లేని కాలును జట్టులో పెట్టలేనని అన్నాడు. ఆయనకు తెలిసిన దాన్నిబట్టి అది న్యాయమైన మాటే. నా దగ్గర అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. డాక్టరుకు చూపించామని, కాలు పూర్తిగా నయమైందని చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆ అమ్మాయి నా వెనక నుంచి ముందుకు వచ్చి, నిరుడు తనకేమీ కాలేదని, భయమేసి తానే బయటికి వచ్చానని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఉన్న ఒక్క దారీ చేతులారా మూసుకుందనుకున్నాను.

సారు చేతిలోని టేపు చుట్టడం ఆపి ఆమె వంక చూశాడు.

"కాలైతే నా చేతుల లేదు బిడ్డా. మనసైతే మీ మేడం ఉన్నది కదా. ఉరుకు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మల్ల మధ్యల బయటికొస్తే మాత్రం ఈ కండ్లు మూసుకునుడు బందు మేడం. మీరు మంచిగ ట్రాక్ అవతల నడుసుకోండ్రి."

సరేనన్నాను. అంతకంటే గట్టిగా ఏదో అనాలని ఉంది కానీ, ఆయన అప్పటికే పెన్ను తీసి ఆమె పేరు రాస్తున్నాడు.

ఆ మూడు వారాలూ సాయంత్రాలు మా బాల్కనీలో గడిచాయి. పతకం మాట లేదు, చప్పట్ల మాట లేదు. ఉన్నదల్లా మూడో వంద. కూర్చోనివ్వలేదు. పరుగుకు వేసుకునే స్పైక్స్ బూట్లు తొడుక్కొని నిలబడి కళ్ళు మూసుకోవాలి. తొడల్లో మంట రావాలి, నోట్లో ఇనుము రుచి రావాలి, పక్క వరుసలో అడుగుల చప్పుడు దగ్గరవ్వాలి. ఆ మలుపులో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ చూస్తూ పోవాలి. ముందు పెచ్చులూడిన గోడ, తర్వాత వేపచెట్టు, తర్వాత నీళ్ళ ట్యాంకు. ఎంపిక రోజు ట్యాంకు పక్కన నేను నిలబడతానని, నన్ను కూడా చూసి వెళ్ళాలని చెప్పాను. ఒక్కటి కూడా వదలకూడదు.

మొదటి రోజు మూడో వంద ఏడు సెకన్లయింది. కళ్ళు తెరిచేసరికి మెడంతా చెమట. ఇంకో రోజు తొమ్మిది దగ్గర ఆగి, నాతోని కాదు అని వాచ్‌ని నా చేతిలోంచి లాక్కొని లోపల సోఫా మీదికి విసిరేసింది. నేనూ గొంతు పెంచాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టీ తాగాం. కింది ఫ్లాటావిడ లిఫ్ట్ దగ్గర నన్ను పక్కకు పిలిచి, ఆ అమ్మాయికి ఏమైనా గాలి సోకిందా, మీ బాల్కనీలో నిలబడి కళ్ళు మూసుకొని ఆయాసపడుతోంది అని అడిగింది. అవునండీ, వదిలిస్తున్నాను అన్నాను.

మూడో వారంలో పదమూడు, తర్వాత పదిహేను, ఆఖరికి పదహారు. మొత్తం పరుగు అరవై మూడు సెకన్లు. బాల్కనీలో పరుగు, గ్రౌండులో పరుగు ఒకటైపోయాయి. ఆ సాయంత్రం పాయసం చేసి, షుగర్ సంగతి మరిచి నేనూ ఒక గిన్నె తాగాను.

ఎంపిక రోజు ఆరుగురు అమ్మాయిలు ట్రాక్ మీద ఎవరి వరుసలో వాళ్ళు నిలబడ్డారు. ఇద్దరికే చోటు. మా అమ్మాయిది నాలుగో వరుస. చెప్పిన ప్రకారం నేను ట్యాంకు పక్కన నిలబడ్డాను. విజిల్ పడింది. మొదటి వంద బాగా పోయింది, రెండోది ఇంకా బాగా పోయింది. అచ్చం నిరుడు లాగే ముందుంది. మలుపు మొదలయ్యే చోట ఆమె భుజాలు బిగుసుకోవడం చూశాను. పక్క వరుస అమ్మాయి దగ్గరికి వచ్చేసింది.

నేను కళ్ళు మూసుకున్నాను. కావాలని కాదు, వాటంతటవే మూసుకుపోయాయి. మూసుకున్న కళ్ళకు ఆమె సున్నం గీత దాటి గడ్డిలోకి వచ్చేయడం, తొడ పట్టుకొని కూర్చోవడం స్పష్టంగా కనబడింది. అడుగుల చప్పుడు నా ముందు నుంచి పోయింది. ఎన్ని జతల అడుగులో లెక్క తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి గడ్డిలో ఎవరూ లేరు. ఆమె మలుపు దాటి, చేతులు బరువెక్కి, నోరు తెరుచుకొని, ఆఖరి వందలో పరుగెత్తుతోంది. ఒకమ్మాయి ఆమెను దాటేసింది. ఇంకొకమ్మాయి దాదాపు అందుకుంది. గీత దగ్గర ఛాతీ ముందుకు వంచి రెండో స్థానంలో నిలిచింది.

సారు కాగితం మీద పేరు రాసుకున్నాడు. నా వైపు చూడలేదు. నవ్వు ఆపుకోవడానికే చూడలేదని ఇప్పటికీ నా అనుమానం.

ఊపిరి కుదుటపడ్డాక ఆ అమ్మాయి మెల్లగా ట్యాంకు దగ్గరికి నడిచి వచ్చింది. కావలించుకుంటుందేమోనని చేతులు చాచాను. ఆమె రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"గోడను చూసిన, చెట్టును చూసిన, మిమ్ములను చూసిన మేడం. మీరు కండ్లు మూస్కొని ఉన్నరు," అంది. "ఏం కనబడ్డది?"

దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానని చెప్పొచ్చు. ఎండ కళ్ళలో పడిందని చెప్పొచ్చు. కానీ సారు ముందు నిలబడి తన భయాన్ని తానే చెప్పుకున్న పిల్ల అది. దాని ముందు నా అబద్ధం నాకే నీచంగా తోచింది.

"నువ్వు ఆగిపోయావు. బయటికి వచ్చేశావు," అన్నాను.

ఆమె మొహంలో ఒక్క క్షణం బాధ కనబడింది. పదహారు సెకన్లు పూర్తిగా చూడమని మూడు వారాలు ఆమె ప్రాణం తీశాను. చూడాల్సిన సమయం వచ్చేసరికి తోక ముడిచింది నేను. క్షమించమని అడగబోయాను. ఆమె వినిపించుకోలేదు. నా మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ తీసుకొని సున్నాకు తెచ్చింది.

"కూసోండ్రి మేడం. కండ్లు మూసుకోండ్రి. నేను మొత్తం ఉరికిన, మీరు మొత్తం చూడాలె. వందకొక వేలు."

ట్యాంకు అరుగు మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. మొదటి వేలు ఎత్తాను, రెండోది ఎత్తాను. మూడోది ఎత్తగానే వాచ్ ఆపిన చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిస్తే దాన్ని నా మొహం ముందు పట్టుకొని ఉంది. రెండో వేలు లేచాక మళ్ళీ సున్నా నుంచి కొలిచింది, మూడో వందకు ఐదు సెకన్లు.

"మల్ల," అంది.