సగం తలనొప్పి, ఆటో నిండ చుట్టాలు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, పోయిన ఎండకాలం ముచ్చట చెప్త.

మాది మెదక్. ఒకనాడు పొద్దుగాల నా తలకాయ ఎడమ దిక్కు సుత్తెతోని కొట్టినట్టు నొయ్యబట్టింది. వెలుతురు చూస్తె కక్కొస్తుంది. మా ఆయన దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరమ్మ "మైగ్రేన్" అని సూది ఇచ్చి పండుకోమన్నది.

మా ఆయనకు ఇంగ్లీషు పేరు వింటేనే భయం. బయటికి పోయి, పాపన్నపేటల ఉన్న మా చెల్లెకు ఫోన్ చేసిండు: "మీ అక్క తలకాయల మైగ్రేనట. జల్ది రాండ్రి!"

నేను కండ్లు తెరిచేసరికి మంచం చుట్టు ఆటో నిండ వచ్చిన చుట్టాలు, ఒకటే ఏడుపు. చెల్లె నాకిష్టమని నాటుకోడి కూర వండి తెచ్చింది. "అక్కా, ఒక్క బుక్కన్న తినిపో" అంటుంది. ఇగ నా పని అయిపోయినట్టే అనుకున్న. "నేను పోయినంక బర్రెను మాత్రం అమ్మకుండ్రి" అన్న.

డాక్టరమ్మ ఉరికొచ్చింది. "ఎందుకమ్మా ఏడుపులు? మైగ్రేన్ పాత గ్రీకు మాటకెల్లి వచ్చింది. సగం తల అని అర్థం. ఉర్దూల ఆధాసీసీ, తెలుగుల పార్శ్వపు నొప్పి."

"గా ఒంటితల నొప్పా! మా అమ్మకు గూడ ఉండె గద!" అని చెల్లె కండ్లు తుడుసుకొని మా ఆయన దిక్కు తిరిగింది. "బావా, అక్కకు సగం తలకాయే నొచ్చింది. నీది మొత్తం మంచిగనే ఉన్నది గద, అర్థమేందని అడగకపోతివా?"

ఏడ్చినోళ్లంత పక్కున నవ్విండ్రు. సాయంత్రం ఇంట్ల కూసొని గా కోడికూర అందరం తిన్నం. గప్పటి సంది కొత్త రోగం పేరు వింటే ముందు అర్థం అడుగుత, తర్వాతనే భయపడుత.

మీ ఇంట్ల అందరి తలకాయలు సల్లగుండాలె. మీ ఇంటికి చుట్టాలు ఎప్పుడొచ్చినా నవ్వుకుంటనే రావాలె.