గడియ అమ్మ వైపు

మా అమ్మా, మా ఆయనా పద్నాలుగేళ్ళ పాటు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. తగవేమీ లేదు. మా శ్రీకాకుళం వైపు ఇళ్ళలో అత్త అల్లుడి ఎదట పడదు, నేరుగా పలకరించదు. అదొక మర్యాద. ఆ మర్యాద బరువంతా నా నోటి మీద పడింది. ఆవిడ తలుపు చాటు నుంచి "మీ ఆయనకి సెప్పమ్మా" అంటే నేను చెప్పాలి. ఆయన కంచం ముందు కూర్చుని "మీ అమ్మకి సెప్పు" అంటే నేను చెప్పాలి. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరికి చక్కగా వినపడేంత దూరంలోనే ఉండేవారు. నాకు ఒళ్ళు మండేది.

అమ్మకి నేనొక్కదాన్నే. నాన్న పోయిన మరుసటేడు గాలివానకి ఊళ్ళో ఉన్న పూరిల్లు కూలిపోయింది. మా ఆయన సెలవు పెట్టి వెళ్ళి ఆవిడని ఖరగ్‌పూర్ తీసుకొచ్చారు. రైల్లో టీ కొని పక్కన పెట్టి, ఆవిడ తాగేదాకా అటు తిరిగి కూర్చున్నారట. ఆయన రైల్వే వర్క్‌షాపులో బోగీల వడ్రంగి. ఉద్యోగం అయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిందేనని, అంతకు ముందే అక్కడే ఇందా పేటలో రెండు కట్ఠాల స్థలం, మన లెక్కలో మూడు సెంట్ల పైచిలుకు, కొని చిన్న ఇల్లు వేశారు. అమ్మని దింపింది మేమూ పిల్లలూ ఉంటున్న ఆ ఇంట్లోనే.

నాలుగో రోజుకి మొదలుపెట్టింది. "అల్లుడింట్ల కూకుని తింతే నలుగురూ ఏటంతారే? నన్ను రైలెక్కించీ." ఎక్కిస్తే ఎక్కడ దిగుతుంది? అక్కడ ఆవిడకి నెత్తిన కప్పూ లేదు, గ్లాసుడు గంజి పోసే మనిషీ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా పొద్దుటే అదే మాట.

అమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని పీల్చేది. నూతి పక్కన కూర్చుని కాలుస్తున్నది, సాయంత్రం వర్క్‌షాపు సైరన్ కూయగానే ఆర్పేసి, నోరు పుక్కిలించి, తల మీద కొంగు లాక్కుని వంటింటి మూలకి చేరేది. ఆయన గేటు దగ్గర సైకిలు దిగి, దగ్గు రాకపోయినా రెండుసార్లు దగ్గి లోపలికి వచ్చేవారు. చుట్ట సంగతి అల్లుడికి తెలియదని అమ్మ నమ్మకం. ఆ ఘాటు తెలియకపోవడానికి ఆయనదేమైనా కొయ్యముక్కా?

ఒక ఆదివారం ఆయన పెరట్లో స్టీలు బద్ద పట్టుకుని కొలతలు మొదలుపెట్టారు. ఏటండీ ఇది, అన్నాను.

"మీ అమ్మకి ఇల్లు. గది కాదు, ఇల్లు అని సెప్పు. దాని గుమ్మం దానిదే, దాని పొయ్యి దానిదే. అల్లుడింట్ల ఉంతన్నానని ఆవిడ తలొంచుకోనక్కర్లేదు."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వెళ్ళి అమ్మకి చెప్పాను. "అలాగే" అంది, అంతే.

గోడలు లేచాయి. మేస్త్రీ బెంగాలీ ఆయన, మా ఆయన్ని దాదా అనీ, నన్ను వదినా అన్నట్టు బౌదీ అనీ పిలిచేవాడు. "ఇటువైపు దర్వాజా లేదా బౌదీ?" అని రెండుసార్లు అడిగాడు. లేదని మా ఆయన ఖచ్చితంగా చెప్పారు. మా పెరటి వైపు గుమ్మం పెడితే అది మా ఇంటి వెనకగదే అవుతుందట, నలుగురి నోళ్ళూ మూతపడవట. అందుకని గుమ్మం వెనక సందులోకి తీశారు. నా వంటింటి నుంచి అమ్మ దగ్గరికి పోవాలంటే గేటు దాటి, వీధి తిరిగి, సందులోకి రావాలి.

గోడ ఎత్తు పెరుగుతున్న కొద్దీ అమ్మ మాట తగ్గింది. చుట్ట కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం చూస్తే చీరలు మూట కడుతోంది. "ఈదిలో ఎట్టినారు నన్ను. ఆ గోడవతల సచ్చిపడున్నా మీకు తెలీదు" అంది.

ఇక్కడ తప్పంతా నాది. ఆ మాట ఆయనకి ఎలా చెప్పను? అంత కష్టపడి కడుతున్న మనిషి. "అమ్మకి ఒంట్లో బాగోలేదు" అన్నాను. ఆయన, "గుమ్మం సందులోకి ఎట్టినాను, ఆవిడకి ఇష్టమేనా కనుక్కో" అంటే అమ్మని అడక్కుండానే "ఇష్టమే" అనేశాను. ఇద్దరి మర్యాదా కాపాడుతున్నాననుకుని ఇద్దరి మాటలూ నేనే మింగేశాను.

పాలు పొంగించడానికి ముందురోజు, ఆదివారం. ఆయన పెరట్లో నిలబడి కొత్త గోడకి సున్నం వేస్తున్నారు. అమ్మ తన మూట పట్టుకుని సందులోంచి వెళ్ళి కొత్త ఇంట్లో కూర్చుంది. వెనకే నేనూ వెళ్ళాను. "మీ ఆయనకి సెప్పు, రేపు బండికి ఎలిపోతానని" అంది. నాకు తిక్క రేగింది. "నేను చెప్పను. పద్నాలుగేళ్ళు చెప్పాను, చాలు. గోడవతలే ఉన్నారు, నువ్వే చెప్పు" అని గట్టిగా, ఆయనకీ వినపడేలా అరిచాను.

సున్నం కుంచె చప్పుడు ఆగిపోయింది. అమ్మ తల మీద కొంగు లాక్కుంది. తర్వాత గోడ దగ్గరికి జరిగింది.

"బాబూ."

అవతల నుంచి దగ్గు వినపడింది.

"ఈ గోడకి ఓ గుమ్మం ఎట్టండి బాబూ. పిల్లలు దగ్గితే నాకినపడాల. నాను దగ్గితే మీకినపడాల."

"మీకు నామోసీ అని మూసినాను అత్తా."

"నామోసీ నాది. నాను పడతాను. మీరు మూసీకండి."

ఆయన మేస్త్రీ కోసం ఆగలేదు. ఆ మధ్యాహ్నమే గునపం పట్టుకుని తడారని గోడని తనే పగలగొట్టారు. వర్క్‌షాపు స్క్రాపు వేలంలో ఎప్పుడో కొని దాచుకున్న పాత బోగీ తలుపుని కోసి బిగించారు. గడియ అమ్మ వైపు పెట్టారు. మన వైపు లేదేం, అని అడిగితే "మనకెందుకు? ఆవిడ మూసుకోవాలనుకుంతే మూసుకుంతాది" అన్నారు.

ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ నా నోటినే వాడుకున్నారు. అమ్మ గడియ వేసింది చుట్ట కాల్చుకునేటప్పుడు మాత్రమే. సైరన్ కూశాక కూడా హాయిగా కాల్చేది. తలుపు సందుల్లోంచి పొగ పెరట్లోకి వచ్చేది, మా ఆయన దగ్గేవారు. ఈసారి నిజం దగ్గు.

ఆరేళ్ళకి ఒక ఆదివారం ఉదయం, నేను గోల్‌బజార్ వెళ్ళి చేపల సంచితో వచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. బోగీ తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ దగ్గు విని ఆయనే వెళ్ళారట. నేల మీద కూర్చుని, ఆవిడ తల తన మోకాలి మీద పెట్టుకుని, గ్లాసుతో నీళ్ళు పోస్తున్నారు. అమ్మ ఆయన ముఖంలోకే చూస్తూ తాగుతోంది. తల మీద కొంగు జారిపోయి ఉంది. అమ్మ దాన్ని లాక్కోలేదు.