తెల్ల చర్చికి పెట్టిన బొట్టు

2015లో నేను ఆక్లాండ్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, శాండ్రింగ్‌హామ్‌లో ఒక గుంటూరు ఆంటీ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఒక పేపర్ అప్పటికే ఒకసారి తప్పాను. రెండోసారీ తప్పితే చదువూ పోతుంది, వీసా కూడా పోతుంది. ఆ భయంతో నెల రోజులుగా తిన్నది ఒంటపట్టలేదు.

పదిహేడో శతాబ్దంలో రోమ్‌లో చర్చిలు కట్టిన ఒక ఇటలీ ఆర్కిటెక్ట్ గురించి మాట్లాడాలి, ఆయన కట్టిన ఒక చిన్న చర్చికి అట్టతో మోడల్ చేయాలి. అదీ పరీక్ష. ఆ మహానుభావుడు ఒక్క గోడైనా తిన్నగా కట్టాడా! అన్నీ లోపలికీ బయటికీ వంపులే. పైన కోడిగుడ్డు ఆకారంలో గుమ్మటం. లోపలంతా తెలుపే, సింగారమంతా వెలుతురుదే. అందుకే మోడల్ మీద తెలుపు తప్ప మరో రంగు కనిపించకూడదని మా లెక్చరర్ ముందే హెచ్చరించింది.

ప్రెజెంటేషన్ రోజే ఆయుధ పూజ వచ్చింది. నేను స్నానం చేసి రాగానే ఆంటీ నా నుదుట పసుపూ కుంకుమా పెట్టింది. టిఫిన్ తిని హాల్లోకి వెళ్లి చూద్దును కదా, నా చర్చి గుమ్మానికి కూడా బొట్టు!

"ఆంటీ! ఏం చేశారిది?"

"నీ చేతి పని కదా నాన్నా. కారుకీ ల్యాప్‌టాప్‌కీ పెట్టి దీన్నొదిలేస్తానా?"

తడి టిష్యూతో తుడిస్తే పసుపు ఇంకా పాకింది. బ్లేడుతో గీకితే అట్ట పొరలు లేచాయి. కుంకుమ పోయింది గానీ పసుపు మరక మిగిలింది. మోడల్‌ని ఒక పెట్టెలో సర్ది, బస్సులో ఒళ్లో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లాను.

లెక్చరర్ వంగి చూసి, గుమ్మం దగ్గర ఈ మరకేమిటని అడిగింది. జిగురు అంటుకుందని అనేశాను. ఆవిడ తలెత్తి నా నుదుటికేసి చూసింది. అక్కడా అదే పసుపు. ఛ, నా పని అయిపోయింది అనుకున్నాను.

ఇక దాచి లాభం లేక పండగ సంగతీ, ఆంటీ సంగతీ, వీసా భయమూ అన్నీ కక్కేశాను. ఆవిడ మరకకి మార్కులు తగ్గిస్తాననీ, జిగురు అబద్ధం మాత్రం విననట్టే ఉంటాననీ అంది. అక్కడికక్కడే వేసిన బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను.

ఇంటికొచ్చి పాసయ్యానని చెప్పగానే ఆంటీ మొహం చేటంత అయింది. మోడల్ అందుకుని, గీకిన చోట వేలు పెట్టి చూసింది.

"బొట్టేది నాన్నా?"

"గీకేశాను ఆంటీ. భయమేసింది."

"మరి నీ నుదుటిది ఉంచావుగా?"

ఇంకో అబద్ధమాడే ఓపిక నాకు లేదు.

"మర్చిపోయాను ఆంటీ."