ఉప్పునీటి తొట్టి, పండుగనాటి పొగ

అది 2023వ సంవత్సరం, ఆషాఢ మాసం. కొంపల్లికి, పేట్ బషీరాబాద్‌కు నడుమనున్న ఒక కాలనీలో ఉప్పునీటి అక్వేరియం ఒకటి నా సంరక్షణలో ఉండేది. జంతుశాస్త్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన తరువాత నేను చేపట్టిన వృత్తి ఇది. ఇళ్ళలోనూ, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌసులలోనూ సముద్రపు చేపలను పెంచేవారి తొట్లను వారం వారం పరీక్షించి, శుభ్రపరచి, నీరు మార్చి వస్తాను. మంచినీటి చేపల విషయంలో కొంత అలక్ష్యం చెల్లిపోతుంది. సముద్రపు చేపల విషయంలో చెల్లదు. సముద్రమే లేని ఊరిలో, హాలు మూలన ఒక గాజుపెట్టెలో సముద్రాన్ని నిలిపి ఉంచాలంటే, దాని వెనుక క్రమం తప్పని మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఆ ఇంటివారు ప్రభాకర్ గారు, ఆయన సతీమణి శ్రీవల్లి గారు. కాకినాడ ప్రాంతం నుండి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడినవారు. తొట్టి శ్రీవల్లి గారిది. అందులో నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలున్న క్లౌన్‌ఫిష్ జంట ఒకటి, ఆ జంట ఆశ్రయం పొందే అనెమొనీ ఒకటి ముఖ్యమైనవి. అనెమొనీ అంటే పువ్వులా విచ్చుకునే సముద్రజీవి. చూడటానికి మొక్కవలె ఉన్నా అది జంతువే. ఆ నెలలోనే క్లౌన్‌ఫిష్ జంట మొదటిసారిగా రాతిమీద గుడ్లు పెట్టింది. అదే సమయానికి ఆ దంపతులు ఎప్పటినుండో అనుకుంటున్న లద్దాఖ్ ప్రయాణం దగ్గరపడింది.

శ్రీవల్లి గారు ప్రయాణం మానుకుంటానన్నారు. మానవద్దని పట్టుబట్టినది పక్కింటి సుగుణమ్మ గారు. ఈవిడది ఆ ప్రాంతపు భూస్వాముల కుటుంబం. ఇప్పుడు కాలనీ లేచిన నేలలో కొంత ఒకప్పుడు వారి చేనే. శ్రీవల్లి గారు కొత్తగా వచ్చి జ్వరంతో పడుకున్నప్పుడు, ఊరూ మనుషులూ తెలియని ఆ రోజుల్లో, పూటపూటా జొన్న గటక తెచ్చి తాగించినది ఆవిడేనట. అప్పటినుండి ఆ ఇంటి రెండవ తాళంచెవి సుగుణమ్మ గారి తాళాల గుత్తిలోనే ఉండేది. తన ఇంటి తాళాలకూ దానికీ తేడా లేకుండా నడుమున దోపుకొని తిరిగేవారు.

బయలుదేరేముందు ఆ దంపతులు నన్ను పిలిపించారు. సుగుణమ్మ గారికి పని అప్పగించాలి. నేను తొట్టి ముందు నిలబడి వివరించాను. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు ఆవిరి కాదు, కనుక తగ్గిన మేరకు ఫిల్టర్ చేసిన మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయరాదు. మేత చిటికెడు. తొట్టిలో చేయి పెట్టరాదు. దగ్గరలో దోమల మందు కొట్టరాదు, ఫినాయిల్ వాడరాదు. స్విచ్చులు ఆపరాదు.

ఆవిడ చేతులు కట్టుకొని అంతా విని, "ఉప్పునీళ్ళల్ల పుట్టి పెరిగినయి గద సారూ, గీటిని వండితే కూరల ఉప్పు ఎయ్యక్కర్లేదేమో!" అన్నారు.

"ఇవి వండుకునే చేపలు కావమ్మా."

"ఎరుకే తియ్యుండ్రి. నవ్వుతరేమో అని జూసిన." తరువాత శ్రీవల్లి గారి వైపు తిరిగి, "గీ సారు మస్తు సఖ్త్ ఉన్నడు బిడ్డా! మా బడిల లెక్కల సారు యాదికొస్తున్నడు" అన్నారు.

శ్రీవల్లి గారు నవ్వుతూనే, "పిన్నిగారూ, మీరున్నారనే వెళ్తున్నాను. లేకపోతే అడుగు బయట పెట్టేదాన్ని కాదు" అన్నారు.

"పో బిడ్డా, మంచిగ జూసి రా. మీ ఇల్లు నా ఇల్లు వేరేనా? బోనాల పండుగ పూట గూడ నీ ఇల్లు బోసిగ ఉండనియ్య. నేను జూస్కుంట, ఫికర్ జెయ్యకు."

"మీ ఇష్టం పిన్నిగారూ" అన్నారు శ్రీవల్లి గారు. నేనూ విన్నాను. ఆ మాటలో నా వృత్తికి సంబంధించినదేదైనా ఉండగలదని నాకు తోచలేదు.

మొదటి రోజులు నిక్షేపంగా గడిచాయి. వారం మధ్యలో వెళ్ళి చూశాను. నీటిమట్టం గీతకు సరిగ్గా ఉంది. గాజు అంచున పేరుకునే తెల్లని ఉప్పును పొడిగుడ్డతో తుడిచి ఉంచారు. చదువుకున్న ఖాతాదారులు కూడా ఇంత క్రమంగా చేయగా నేను చూడలేదు. ఆ మాట ఆవిడతో చెబితే, "మార్కులు ఎన్నేస్తరు సారూ?" అని అడిగారు.

బోనాల ఆదివారం మరునాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"సారూ, జెర జల్దీ రాండ్రి. చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. ఆ పువ్వు గూడ ముడుసుకపోయింది. నిన్న మంచిగనే ఉండె."

తలుపు తీయగానే సాంబ్రాణి వాసన ముఖానికి కొట్టింది. వాన కారణంగా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తొట్టి పక్కనే మట్టి మూకుడులో చల్లారిన బొగ్గులు. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం పొంగి, నురుగు నేలమీద పారుతున్నది. ఈ పరికరం గదిలోని గాలిని పీల్చి, సన్నని బుడగలుగా నీటిలోకి పంపి, ఆ బుడగలతో మలినాన్ని పైకి తేలుస్తుంది. గది గాలిలో ఏమి ఉంటే అదే నీటిలోకి వెళుతుంది. దోమల మందు వద్దన్నది అందుకే.

"ఇక్కడ ఏమి వేశారమ్మా?"

"ఊదు ఏసిన సారూ. బోనం ఎత్తిన దినం మా ఇంట్ల ఊదు ఏసిన, గీ ఇంట్ల గూడ ఏసిన. దీపం పెట్టి, గడపకు పసుపు రాసి, ఇల్లంత పొగ తిప్పి గీడ పెట్టిన. ఏమైంది? అది గూడ మందేనా?" ఆవిడ ముఖంలో రంగు మారిపోయింది. "దోమల మందు కొట్టొద్దన్నరు, కొట్టలె. ఫినాయిల్ ముట్టలె. ఊదు ఒద్దని అనలేదు గద సారూ?"

నిజమే, అనలేదు. కిటికీలు తెరిపించాను. నీటిలో కలిసిన విషాలను పీల్చే కార్బన్ సంచులు వేశాను. సిద్ధంగా ఉంచిన ఉప్పునీటితో కొంత నీరు మార్చాను. క్లౌన్‌ఫిష్ జంట తప్ప మిగిలిన చేపలను నా చిన్న దుకాణంలోని తొట్టికి తరలించి కాపాడగలిగాను. అనెమొనీ ఆ మధ్యాహ్నానికే కరిగిపోవడం మొదలుపెట్టింది. క్లౌన్‌ఫిష్ జంటలో ఆడది ఆ రోజే, మగది మరునాడు చనిపోయాయి. రాతిమీది గుడ్లు తెల్లబడిపోయాయి. సుగుణమ్మ గారు ఆ సమయమంతా నిలబడే ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక్క పరిహాసమూ ఆడలేదు.

కొండల్లో ఉన్న ఆ దంపతులకు ఫోన్ కలవలేదు. వారు లేహ్‌కు తిరిగివచ్చాక ప్రభాకర్ గారికి చెప్పాను. తిరిగివచ్చిన రోజున నన్ను రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి సుగుణమ్మ గారు గుమ్మం లోపలే నిలబడి ఉన్నారు. శ్రీవల్లి గారు ప్రయాణపు బట్టలైనా మార్చుకోకుండా ఖాళీ రాతినే చూస్తున్నారు.

"మాస్టారూ, అసలు ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి."

ఉన్నదున్నట్టే చెప్పాను. పొగ కారణం కావచ్చు. ఆ రాత్రి వానలో కరెంటు పోయి వచ్చినట్టు తొట్టి దీపాల టైమర్ చూపిస్తున్నది, పంపులు ఆగి ఊపిరాడక పోయినా ఇలాగే జరగవచ్చు. అనెమొనీ ముందే జబ్బుపడి నీటిని చెడగొట్టి ఉండవచ్చు. ఏది అన్నది తేల్చగల పరీక్ష నా వద్ద లేదు. మూడింటినీ సమానమైన గొంతుతోనే చెప్పాను. కాని కరెంటుకు ముఖం లేదు, జబ్బుకు ముఖం లేదు. పొగను వేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నారు.

"పొగ మేము వెయ్యమనలేదు కదండీ పిన్నిగారూ" అన్నారు శ్రీవల్లి గారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో.

"పండుగ పూట మీ ఇల్లు చీకట్ల ఉండాల్నా బిడ్డా?"

"మా ఇల్లే కదా. ఉంటే ఉండేది."

సుగుణమ్మ గారు నడుము నుండి తాళాల గుత్తి తీశారు. ఆ రింగు బిగుసుగా ఉన్నది. గోటితో విప్పబోతే రాలేదు, పంటితో లాగారు. ప్రభాకర్ గారు కంగారుపడి, "అయ్యో, ఇప్పుడు ఎందుకండీ అవన్నీ" అన్నారు గాని, ఆ మాట అనవలసినవారు అనలేదు. ఆవిడ తాళంచెవిని తొట్టి కింది చెక్కమీద పెట్టి, "ఇగో బిడ్డా. నీ చేపల పాపం నాకొద్దు, నీ తాళం గూడ ఒద్దు" అని వెళ్ళిపోయారు.

నేను చెప్పినదానిలో అసత్యం లేదు. అయినా, ఇద్దరి నడుమ నిలబడి కారణాలు వివరించేటప్పుడు, ఆవిడ చేసిన పనిలోని క్రమాన్ని కూడా అంతే వివరంగా చెప్పి ఉండవచ్చునని ఆ తరువాత చాలాసార్లు అనుకున్నాను. నీటిమట్టం గీతకు సరిగ్గా ఉన్నదని, అంచున ఉప్పు తుడిచి ఉన్నదని చెప్పలేదు. నన్ను అడిగినది చేపల గురించి. నేను చేపల గురించే చెప్పాను.

ఆ అనుభవం తరువాత నా పద్ధతి మారింది. ఖాతాదారులు ఊరు వెళుతూ తొట్టిని ఎవరికైనా అప్పగిస్తే, మేత గురించి, నీటి గురించి చెప్పేముందు, చూసుకోబోయేవారినే అడుగుతాను: మీ ఇంట్లో శుక్రవారం ఏమి చేస్తారు, పండుగకు ఏమి చేస్తారు, మీకు అయినవారి ఇంటికి ఏమి చేస్తారు అని. చేయరాని పనులు ఎన్నయినా చెప్పవచ్చు. మనిషి ప్రేమకొద్దీ చేసేది అడిగితే తప్ప తెలియదు.

మరుసటి ఏడు శ్రీవల్లి గారు మళ్ళీ ఒక జంటను తెచ్చుకున్నారు. బోనాల ఆదివారం నాడు నీరు మార్చడానికి వెళ్ళాను. కాలనీ అంతా ఊదు పొగ, డప్పుల చప్పుడు. సుగుణమ్మ గారి ఇంటి నుండి మాత్రం ఇటువైపు పొగ రావడం లేదు. చూస్తే, ఈ ఇంటివైపు ఉన్న ఆవిడ కిటికీలన్నీ గట్టిగా మూసి ఉన్నాయి. పెరటివైపు తలుపు నుండి పొగ వెనుకనున్న పొలాల మీదికి పోతున్నది. అలా చేయమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

శ్రీవల్లి గారు కూడా అది చూశారు. చూసి, కర్టెన్ సరిచేసి, లోపలికి వెళ్ళిపోయారు.

కొత్త జంట ఆరోగ్యంగా ఉన్నది. ఆ దంపతులు ఊరు వెళ్ళినప్పుడల్లా నేనే వెళ్ళి చూసుకుంటున్నాను. ఆ తాళంచెవి ఇప్పుడు నా వద్ద ఉంటుంది.