సినిమా సిపాయి

ఒక ముసలాయన పరువు తీస్తూ నేనన్న మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే ఇక్కడ కూడా నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకుంటాను.

పాత సైనిక యూనిఫాంల మీది కుట్టుపని బ్యాడ్జీలు సేకరించడం నాకు పిచ్చి. ఏది అసలుదో, ఏది సినిమాకు కుట్టించిందో చూసి చెబుతాను. ఫిల్మ్‌నగర్‌లో ఉంటాను కాబట్టి రెండో రకమే ఎక్కువ చూశాను. మిలిటరీ సినిమా తీసేవాళ్లు నన్ను పిలిచి అడుగుతారు. నా మాటకు విలువుంది. ఆ విలువే కొంప ముంచింది, నాది కాదు, ఇంకొకరిది.

జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత గారి దగ్గరున్న బ్యాడ్జీని అసలైనదని తేల్చాను. ఎప్పుడో రద్దయిన ఒక పటాలంలో బాకా ఊదేవాళ్లు పెరేడ్ కోటు చేతికి కుట్టుకునేది. ఎర్రగుడ్డ మీద జరీ తీగతో బాకా బొమ్మ, దాని మూతి ఎడమవైపుకు. ఆ పటాలానిది ఎప్పుడూ ఎడమకే ఉంటుందని నలుగురి ముందు బల్లగుద్ది చెప్పాను. వెనక్కి తిప్పి చూశానా? లేదు. ఆ ఇల్లు, ఆ మర్యాదలు చూసి చెప్పేశాను. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు యూసుఫ్‌గూడ నుంచి ఒకావిడ వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఆ పటాలంలోనే బాకా ఊదేవాడట. బయటికొచ్చాక సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు అయ్యాడు. గుంపులో సిపాయి వేషాలు. అదే ఆయనకు చేటైంది. పటాలం కబుర్లు మొదలెడితే చాలు, అల్లుడూ ఇరుగుపొరుగూ సినిమా సిపాయి అని నవ్వేవారట. కాగితాలేవీ మిగల్లేదు. మిగిలింది కోటూ, దాని చేతికున్న బ్యాడ్జీ. అమ్మడానికి రాలేదు. నిజమైనదని నేనొక్క మాట చెబితే చాలన్నారు.

బాకా మూతి కుడివైపుకు ఉంది.

అంచు పైకెత్తి చూశాను. చుట్టూ పాత సూది రంధ్రాలు, ఒకదాని పక్కన ఒకటి, రకరకాల దారప్పోగులు. జరీ పాడవుతుందని కోటు ఉతికిన ప్రతిసారీ సిపాయిలు బ్యాడ్జీ విప్పి మళ్లీ కుట్టుకుంటారు. సినిమా కోటుకు ఆ ఓపిక ఎవరికుంటుంది? ఇది అసలుదని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. దీన్ని అసలుదంటే జూబ్లీహిల్స్‌లో నేను చెప్పింది తప్పవుతుంది. నా పేరు పోతుంది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణమేదీ లేదు, ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను.

"ఇది సినిమాకు కుట్టించిందేనండీ," అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. కోటును నెమ్మదిగా నావైపు జరిపాడు.

"ఇంకొక్కసారి జర సూడుండ్రి సారూ."

మళ్లీ చూశాను. భూతద్దం కూడా పెట్టాను. ఎవరికోసం ఆ నాటకం?

"ఎన్నిసార్లు చూసినా అంతేనండీ."

"నడు నాయినా, పోదాం," అంది కూతురు.

ఆయన చనిపోయాక ఆవిడే ఫోన్ చేసింది. నా మాట విన్నాక ఇంట్లో పటాలం ఊసే ఎత్తలేదట. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "నేను పటాలంల లేను బిడ్డా, అబద్ధం చెప్పిన," అన్నాడట. నాన్న నిజం ఒప్పుకుని పోయాడని, అది నా వల్లేనని ఆమె నాకు దండం పెట్టినంత పని చేసింది. కోటు ఏమైందని అడిగాను. పాతబట్టలామెకు వేసి స్టీలు గిన్నె తీసుకుందట.

మంచిదమ్మా, అన్నాను.

చేయని తప్పు ఆయనెందుకు ఒప్పుకున్నాడు? విసిగిపోయా? లేక అంత తెలిసినవాణ్ణి నేనే కాదన్నానని తన బతుకు మీద తనకే అనుమానం వచ్చిందా? ఆ రెండోది తలచుకుంటే నాకు భయం.

ఆమె నంబరు ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు చెబితే ఆమె కుమిలిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. నా పిరికితనానికి అదొక మర్యాదైన పేరు. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, అందుకు సిగ్గుగానూ ఉంది. ఆయన సిపాయే. పటాలంలో బాకా ఊదాడు. ఈ మాట చెప్పాల్సింది ఆమెకు. మీకు చెబుతున్నాను.