పెదవులు కలవని మాట

కొన్నేళ్లుగా ఒక చిన్న మాటను మోస్తున్నాను. అది బొమ్మ అన్న మాటే అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

అశోక్‌నగర్ హాస్టల్లో నరేశ్, నేను ఒకే గది. ఇద్దరం గ్రూప్స్‌కు చదివేవాళ్లం. నేను బీటెక్ చేసి వచ్చినవాణ్ణి, చేతులు ఊరుకునేవి కావు. నారాయణగూడలో సైకిల్ బ్రేక్ తీగ, ఒక స్ప్రింగ్ కొని, చెక్కబొమ్మకు కదిలే దవడ బిగించాను. పెదవులు కదపకుండా మాట్లాడడం సాధన చేశాను. ఈ విద్యలో చిక్కంతా ప, బ, మ లతోనే. పెదవులు కలవందే అవి పుట్టవు. కొత్తవాడు అవి లేని మాటలే ఏరుకుంటాడు. బొమ్మకు చింటు అని పేరు పెట్టింది అందుకే.

నరేశ్ ఎదురు మంచం మీద కూర్చుని నా పెదవులనే చూసేవాడు. కదిలితే చాలు, "దొరికినవ్ అన్నా!" అని చప్పట్లు కొట్టేవాడు. మిగతా అందరూ చింటునే చూసేవారు. పక్క గదివాడు దాని కళ్లకు భయపడేవాడు. మెస్ అక్క దానితో పోట్లాడేది. నాతో ఎవరూ పోట్లాడలేదు. బొమ్మ నోరు తెరిస్తే, లోపల చెయ్యి పెట్టినవాణ్ణి జనం మరిచిపోతారు.

నరేశ్ రెండుసార్లు ప్రిలిమ్స్ తప్పాడు. ఇంట్లో మాత్రం ఈసారి పాసయ్యానన్నాడు. మళ్లీ రాసి, నిజంగా పాసయ్యాక వాళ్లకు చెబుతానని నాతో అన్నాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నేనూ తప్పాను, ఇంట్లో నిజం చెప్పాను. అప్పటి నుంచి మా నాన్న ఫోన్లో తిన్నావా అని తప్ప ఏమీ అడగలేదు.

వినాయక చవితికి నరేశ్ వాళ్ల నాన్న వచ్చాడు. చిక్కడపల్లిలో టీ తాగుతూ, అడగకపోయినా టీ పోసేవాడితో "మా పిలగాడు మెయిన్స్ రాస్తుండు" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నా కోసం ఎవరి గొంతులోనూ లేదు.

మరునాడు సాయంత్రం హాస్టల్ ముందు గణపతి మండపం దగ్గర చింటు ఆట. మధ్యలో చింటు నరేశ్ వాళ్ల నాన్న వైపు తల తిప్పింది.

"కాకా, నీ కొడుకు రిజల్ట్‌ల లేడు. నిరుడు గూడ లేడు. నీకు దాస్తుండు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత ముందుకు వంగి, నన్ను కాదు, బొమ్మను అడిగాడు.

"నిజమేనారా?"

చింటు తల ఊపింది.

ఆయన కొడుకు వైపు చూశాడు. నరేశ్ తల దించుకున్నాడు. మెస్ అక్క వచ్చి "నీ నోట్ల మన్నువడ, గవేం మాటలురా!" అని చింటు నెత్తిన ఒకటి వేసింది. ఆ దెబ్బ నాకు తగలలేదు.

పొద్దున నరేశ్ బట్టలు సర్దుకుంటున్నాడు.

"నోరు జారింది రా," అన్నాను. "ఆట జోరుల వచ్చేసింది."

"జారిన మాటల ఒక్క 'మ' గూడ లేదేందన్నా?" అన్నాడు. బ్యాగు జిప్పు లాగి, కిందికి దిగిపోయాడు.

అవును. ఆట రోజు మధ్యాహ్నం అతను తండ్రిని దర్శనానికి తీసుకుపోయినప్పుడు తలుపు గడియ పెట్టి అద్దం ముందు కూర్చున్నాను. మొదట 'ప్రిలిమ్స్' అని వచ్చింది, తీసేశాను. 'ఫెయిల్' తీసేశాను. 'అబద్ధం' తీసేశాను. 'పేరు లేదు' అనాల్సింది 'లేడు' అయింది. ఒక్కో మాట తీసినప్పుడల్లా ఆగిపోయే వీలుండింది. ఎందుకు ఆగలేదు? నిజం వైపు నిలబడ్డాననుకున్నానా? నిజమే నా ఉద్దేశమైతే అంత మందిలో ఎందుకు, బొమ్మ చేత ఎందుకు? నిజం చెప్పి నేను పోగొట్టుకున్నదాన్ని అబద్ధంతో అతను నిలుపుకున్నాడు. అది చూడలేకపోయాను. అంతే.

వాళ్ల నాన్న అతన్ని మళ్లీ పంపలేదు. ఆ ఏడు పరీక్ష రాయలేదని విన్నాను. ఫోన్ నంబరు మార్చాడు. నేనూ గట్టెక్కలేదు. దోమలగూడలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాను. చింటు సంచిలో ఉంది, పారేయలేదు. బొమ్మ ఆటలో అన్నదానికి నువ్వేం చేస్తావని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. తల ఊపుతాను, చింటులాగే.

మీ దగ్గర ఊపను. నమ్మి చెప్పిన మాటను నేనే బయటపెట్టాను. ఇదంతా రాసి, పైకి చదివాను. పెదవులు మళ్లీ మళ్లీ కలిశాయి. గదిలో వినేవాళ్లు లేరు. ఎదురు మంచం మీద కూర్చుని, దొరికినవ్ అన్నా, అనేవాడు కూడా లేడు.