జూన్ ముప్పై ఒకటిన పుట్టిన మా బావ

"ఇలాంటి తారీకే లేదండీ. జూన్‌కి ముప్పై రోజులే," అన్నాడు ఆసుపత్రి గుమాస్తా, కాగితం మా వైపు తోసేస్తూ.

ఇరవై రెండేళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్నవాణ్ణి. చర్చి నుంచి ఆ కాగితం స్వయంగా తెచ్చి కూడా చూసుకోలేదు. పక్కనే మా సవరయ్య బావ బిత్తరపోయి, "అంటే నేను పుట్టలేదంటారా అండీ?" అని అడిగాడు. నవ్వొచ్చే మాటే గానీ నాకు ఏడుపొచ్చింది.

మా అక్క దయామణికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎవరైనా ఒక కిడ్నీ ఇవ్వాలి. నాకు షుగరు, నాది పనికిరాదన్నారు. బావది సరిపోయింది. అయితే అరవై అయిదు దాటినవాళ్ళది ఆ ఆసుపత్రిలో తీసుకోరు. ఆధార్ ప్రకారం బావకి అరవై ఆరు!

బావ ఆగిరిపల్లి మామిడి తోటల్లో నలభై ఏళ్ళుగా కాయ కోస్తున్నాడు. తొడిమ విరగకుండా, సొన కారకుండా గెడకి కట్టిన చిక్కంలోకి దించుతాడు. రసాలు ఎప్పుడు కోతకొస్తాయో చెట్టు కింద నిలబడి రోజుతో సహా చెబుతాడు. తన వయసు మాత్రం చెప్పలేడు. ఆధార్ తీసినవాడు విసుక్కుని 1959 జనవరి ఒకటి అని కొట్టేశాడు. మా పేటలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు మరి! ఇక మిగిలిన ఆధారం చర్చిలోని జ్ఞానస్నానాల పుస్తకం. అందులో 1964 అని చూడగానే, అరవై ఒకటే అని ఎగిరి గంతేశాం. పక్కనున్న తారీకు ఎవడు చూశాడు?

పరుగున చర్చికి వెళ్ళాం. ఫాదర్ గారు పుస్తకం తీశారు. జూన్ 31. ఎప్పుడో చనిపోయిన ఉపదేశి చిన్నప్ప గారి చేతిరాత. ఫాదర్ గారు పేజీలు తిప్పితే వేరే సంవత్సరాల్లో ఇంకో ఇద్దరు పిల్లలు కూడా జూన్ 31నే పుట్టారు! ఇక ఈ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?

"తాగి రాశాడా ఏంటి ఈయన!" అని అరిచేశాను.

"నీ నోరు పడిపోను!" అంది వెనకనుంచి జోజమ్మ. ఆవిడ చిన్నప్ప గారి కూతురు, ఎనభై దాటింది, చర్చి ఊడుస్తుంది. "మా నాన్న చుక్క ముట్టి ఎరగడురా. ఆయన ఎడం చేతి చిటికెన వేలు గానుగలో పడి మెటికతో సహా పోయింది. నెలలన్నీ ఆ పిడికిలి మీదే లెక్కపెట్టేవాడు. ఆ రోజుల్లో మనకి క్యాలెండరు ఎక్కడిది?"

నేను పిల్లలకి నేర్పేదీ ఆ లెక్కే. మెటిక మీద పడ్డ నెలకి ముప్పై ఒకటి, సందులో పడ్డదానికి తక్కువ. చిటికెన వేలి మెటిక జూలై, మళ్ళీ మొదటికొస్తే ఆగస్టు. ఆ చివరి మెటికని కుడిచేత్తో మూసేసి లెక్కపెట్టాను. మూడో మెటిక మే. ఆ పక్కన ఇక సందు లేదు. మళ్ళీ మొదటి మెటిక... జూన్! అంటే దానికీ ముప్పై ఒకటి. ఆయన జూన్ 31 అంటే మన జూలై ఒకటి.

"అసలీ హెచ్చుతగ్గులెవరు పెట్టార్రా?" అంది జోజమ్మ.

చెప్పాను. పూర్వం రోము వాళ్ళకి సరిసంఖ్య అపశకునమట. నెలలకి ఇరవై తొమ్మిదో ముప్పై ఒకటో పెట్టుకుని, చనిపోయినవాళ్ళకి కర్మలు చేసే ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది పడేశారట. తర్వాత ఏడాదిని సూర్యుడితో కలపడానికి ఒక పాలకుడు కొన్ని నెలలకి ఒకటీ రెండూ రోజులు అతికించాడు. వాళ్ళ పిచ్చి తగలెయ్య! రెండు వేల ఏళ్ళ నాటి అతుకులు మా అక్క ప్రాణం మీదికొచ్చాయి.

"మామిడిచెట్టుకి లేని బాధ మీకెందుకురా," అని జోజమ్మ చీపురు పక్కన పడేసి, సాక్ష్యం చెప్పడానికి మాతో ఆటో ఎక్కింది.

ఆసుపత్రి కమిటీలో పెద్ద డాక్టరమ్మ ఫాదర్ గారి ఉత్తరం చదివింది. మూడు పేజీల నకళ్ళూ చూసింది. జోజమ్మ మాట విన్నాక తన పిడికిలి బిగించి, చిటికెన వేలి మెటికని మూసి లెక్కపెట్టుకుంది. "అమ్మో!" అంది. మళ్ళీ లెక్కపెట్టింది. సంతకం చేసింది.

బయట బెంచీ మీద అక్క కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని ఉంది. అనుమతి కాగితం బావ చేతిలో పెట్టి, "జూలై ఒకటి, బావా! నీకో పుట్టినరోజొచ్చింది," అన్నాను. ఆయన దానికేసి చూడనైనా లేదు.

"నాదెప్పుడైతే ఏంటి జయకరూ," అన్నాడు. "మీ అక్కకి ఇంకెన్ని రోజులొస్తాయో లెక్కకట్టి చెప్పు."

లెక్కల మాస్టారినే. అక్క పక్కన కూర్చుని, పిడికిలి బిగించి మొదటి మెటిక మీద వేలు పెట్టాను.